తల లేని క్రేన్ బొమ్మ

ఎర్రచుక్క పెచ్చులా ఊడి నా బొటనవేలి గోట్లో ఇరుక్కుంది. పెందుర్తిలో బస్సెక్కి ఇంకా వేపగుంట కూడా దాటలేదు. చేతులు ఊరుకోలేక సంచీలోంచి బొమ్మ తీసి మెడ దగ్గర అలా గీరాను, అంతే, సగం చుక్క వచ్చేసింది, మిగతా సగం అక్కడే ఉంది, దీన్ని తిరిగి అంటించడం ఎలాగో తెలియడం లేదు, పక్కన పూలబుట్టతో కూర్చున్నావిడ చూసిందేమోనని చెయ్యి రుమాల్లో దాచుకున్నాను. ఆవిడకేం పట్టింది, ఆవిడ నిద్రపోతోంది. నలభై ఆరేళ్లవాణ్ని, ఓడల ఏజెంటు ఆఫీసులో నా కింద నలుగురు పనిచేస్తారు, మే నెల ఆదివారం మధ్యాహ్నం సిటీ బస్సులో బొమ్మ మెడ గీరుతూ కూర్చున్నానంటే మా ఆవిడ నీలిమ ఏమంటుందో నాకు తెలుసు, అందుకే అక్కని చూసొస్తానని మాత్రం చెప్పాను. అక్కనీ చూశాను, అబద్ధం కాదు. కానీ వెళ్లింది అక్క ఇంటి అటక మీద పాత మిక్సీ అట్టపెట్టెలో ఉన్న దీనికోసం. దీన్ని మధురవాడ తీసుకెళ్లాలి, ధనశ్రీ ఫ్లాటులో మావాళ్లందరూ ఉంటారు, కోటి ఉంటాడు, కోటి ముందు దీన్ని బల్ల మీద నిలబెట్టి, చూడు, తల లేదు, ఎర్రచుక్క ఉంది, ఇదీ అసలైనది అనాలి. అంతే పని. తయారీలో వేసిన చుక్కయితే గోరుకి ఊడి రాదు కదా. రాకూడదు కదా. వచ్చింది మరి.

మావాళ్లంటే బొమ్మలు పోగేసేవాళ్లు, రోబో బొమ్మలు, అందులోనూ మారే రకం, లారీలా ఉన్నదాన్ని విప్పి మడిచి తిప్పితే మనిషవుతుంది, మళ్లీ తిప్పితే లారీ. గడ్డాలు నెరిసినవాళ్లం కూడా వీటి గురించి కులపెద్దల్లా తీర్పులు చెప్పుకుంటాం, కీలు వదులు, భుజం ఎత్తు, రంగు పలచన, ఇది గొప్పది, అది చెత్త. ధనశ్రీకి చిన్నప్పుడు బిస్కెట్ ప్యాకెట్‌తో ఉచితంగా వచ్చిన చిలకపచ్చ రోబో ఉండేది, అందుకని బొమ్మ విప్పగానే ప్లాస్టిక్ వాసన గుప్పుమనకపోతే అది బొమ్మే కాదంటుంది. కోటిది జాలరిపేట, వాళ్ల నాన్న వలలో చేపలతో పాటు ఒకసారి రోబో కాళ్లు రెండు వచ్చాయట, నడుము పైన ఏమీ లేదు, ఆ కాళ్లతోనే వాడు చిన్నతనమంతా ఆడుకున్నాడు, ఇవాళ పడవల ఇంజన్లు బాగుచేసే అంత పెద్ద మెకానిక్ ఏ బొమ్మ చేతికిచ్చినా ముందు పాదాలే చూస్తాడు, పాదాలు బాగుంటే బొమ్మ బాగున్నట్టే. నేను వాళ్లని చూసి లోలోపల నవ్వుకునేవాణ్ని. మీరంతా మీ చిన్నతనానికి మార్కులేస్తున్నారు, నేనొక్కణ్నే బొమ్మకి వేస్తున్నాను అనుకునేవాణ్ని. ఇక గురునాథరావుగారు ఉన్నారు, ఆయన పుట్టి బుద్ధెరిగాక రిటైరయ్యేదాకా ఒక్క బొమ్మా ముట్టుకోలేదు, ఏది చూపించినా బాగుందండీ అంటారు, ఆయన మాట ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆయనొక్కరిదే సరైన చూపేమోనని ఇప్పుడు ఈ గోరు చూసుకుంటుంటే అనుమానం వస్తోంది. గోపాలపట్నం. పూలావిడ లేచింది, దిగుతుందేమో అనుకుంటే కిటికీలోంచి ఎవరినో కేకేసి మళ్లీ కూర్చుని కళ్లు మూసుకుంది.

మా నాన్న అర్జునరావు పోర్టులో క్రేన్ ఆపరేటరు. సబ్బవరం అవతల పొలం పని చేసుకునే ఇంట్లో పుట్టి, నాగలి పట్టాల్సిన చేత్తో క్రేన్ లివరు పట్టాడు, డ్యూటీ దిగి వస్తే చొక్కా మీద ఇనప ఖనిజం ధూళి ఎర్రగా, చెవుల్లో నల్లగా బొగ్గు. ఒకసారి ఏదో ఓడమీది నావికుడు, భాష తెలియనివాడు, నాన్న తన పెట్టెని దెబ్బ తగలకుండా దించాడని సంతోషించి ఈ బొమ్మ చేతిలో పెట్టాడట. నాన్న దాన్ని యంత్రాలు తుడిచే కాటన్ వేస్టులో చుట్టి తెచ్చాడు. పసుపు క్రేను, ఇనుము కలిసిన బరువు, ఊరికే ముట్టుకుంటేనే చల్లగా ఉండేది. నాకప్పుడు ఎనిమిదేళ్లు, బయట వాన, వరండాలో దీపం, అక్క నా వెనక, నాన్న కాళ్లు చాపుకుని దాన్ని విప్పాడు, చక్రాలు కాళ్లయ్యాయి, క్రేను చెయ్యి రెండుగా విడిపోయి రెండు చేతులైంది, అన్నీ అయ్యాక పైన క్యాబిన్ మిగిలింది, కిటికీ అద్దాలున్న చిన్న గది, అదే తల ఉండాల్సిన చోట. తలేది నాన్నా అని అడిగాను. నాన్న నవ్వి అన్న మాట నాకు ఇవాళ్టికీ ఆయన గొంతుతోనే వినపడుతుంది.

"క్రేనుకి తలెందుకురా. లోపల కూసున్నోడే దానికి తల."

అంతే, ఆ మాటతో నేను ఇన్నేళ్లూ బతికాను అంటే ఎక్కువ చెప్పినట్టేమీ కాదు. మా నాన్న లోపల కూర్చున్నవాడు కదా. ఆయన పోర్టులో అంత ఎత్తున ఆ చిన్న గదిలో కూర్చుంటే ఆ ఇనుమంతా ఆయన ఒళ్లే కదా. ఈ బొమ్మ తయారుచేసింది ఏ దేశంవాడో గానీ మా నాన్న పని తెలిసినవాడు, తల పెట్టకుండా గది వదిలిపెట్టాడు, ఎవరో ఒకరు ఎక్కి కూర్చోడానికి. నేను అగ్గిపుల్ల విరిచి అందులో కూర్చోబెట్టేవాణ్ని, ఆ అగ్గిపుల్ల నాన్న. పెద్దయ్యాక ఎన్ని వందల బొమ్మలు చేతిలోకి వచ్చినా ప్రతిదానికీ తల చూడగానే మనసులో ఒక మార్కు కోసేశాను, దానికి కారణాలు మాత్రం వేరే చెప్పాను, మెడ కీలు బలహీనమనీ, తల వల్ల పొందిక పోతుందనీ, డిజైన్ నిజాయితీ అనీ, ఎంత పెద్ద మాటలు వాడానో, నిజాయితీ అట, ప్లాస్టిక్‌కి.

ఎన్ఏడీ జంక్షన్ దగ్గర బస్సు ఆగిపోయింది, ఆదివారం కూడా ఏం ట్రాఫిక్కో, కండక్టరు దిగి టీ తాగుతున్నాడు. కోటి విషయం ఆలోచించకూడదు అనుకుంటే కోటే వస్తున్నాడు. చలికాలంలో ఈ క్రేనుకే కొత్త ఎడిషన్ వచ్చింది, కోటి తెప్పించుకున్నాడు, బాక్సు విప్పుతూ వీడియో పెట్టాడు, వీడియోలో వాడి పిల్లలకంటే వాడే ఎక్కువ గెంతాడు. దానికి తల ఉంది. ఇంక చూడండి నా వీరంగం, గ్రూపులో ఒక పూటంతా వాయిస్ మెసేజీలు, ఇది నకిలీ, నా చేత్తో అసలుది ఆడుకున్నవాణ్ని చెబుతున్నాను, అసలుదానికి తల ఉండదు, మెడ మీద క్యాబిన్ కింద ఎర్రచుక్క ఉంటుంది, అది అసలుదానికి గుర్తు. నెట్‌లో పాతదాని ఫోటోల్లో కూడా తలుందన్నయ్యా అని ధనశ్రీ చూపిస్తే అవన్నీ తర్వాతి బ్యాచ్‌వి అన్నాను. తర్వాతి బ్యాచ్ అనేది ఒకటుందని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, ఉండి తీరాలి కాబట్టి ఉంది. కోటి అంతా విని ఒకే ఒక మెసేజ్ పెట్టాడు.

"సరే బావ. నీ పాతది తెచ్చి సూపించు. తల నేదంటే నాది డబ్బాలో పెట్టీసి మళ్లీ తియ్యను. ఉంటే మాత్రం, నాను దేనికి ఆనందపడాలో నువ్వు ఇంకెప్పుడూ సెప్పకు."

ఆ రోజు నుంచి ఫోన్ లేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే వాడు పంపించే వంజరం ముక్కలూ లేవు, చేపలు తెప్పించరేం అని నీలిమ అడిగితే ధరలు పెరిగిపోయాయన్నాను. ఇరవై ఏళ్ల స్నేహం. నాన్న పోయినప్పుడు శ్మశానం దాకా నా పక్కన నడిచినవాడు కోటి, ఆ తర్వాత వారం రోజులు ఆఫీసు దగ్గరికొచ్చి ఏమీ మాట్లాడకుండా నాతో టీ తాగి వెళ్లినవాడు కోటి. అలాంటివాణ్ని ఒక బొమ్మ తలకోసం పోగొట్టుకుంటున్నానా, లేక తల లేకపోవడం కోసమా, అసలు దేనికోసం? బస్సు కదిలింది.

కంచరపాలెంలో ఎండ కిటికీలోంచి నేరుగా ఒళ్లో పడింది, అప్పుడు చూశాను. చుక్క ఊడినచోట సన్నని గీత ఉంది. గీత కాదు, సందు. క్యాబిన్ కింద పలక అంచు. గోరు పెట్టి ఎత్తబోయాను, కదిలినట్టే కదిలి మిగిలిన ఎర్రపెచ్చు దగ్గర ఆగిపోయింది, ఆ సందులోంచి లోపల వెండి రంగు మెరిసింది. చటుక్కున చెయ్యి తీసేశాను. ఎందుకు తీశానో తెలియదు, సిగ్గుగా ఉంది. లోపల ఏదో ఉంది. ఏదో ఏమిటి, ఏముంటుందో నాకు తెలియదా, కోటి వీడియోలో చూడలేదా. చూశానా? ఆ వీడియోలో కాళ్లు చూశాను, క్రేను చెయ్యి చూశాను, తల ఉందని చూశాను, ఆ మొహం ఎలా ఉంటుందో చెప్పమంటే మాత్రం ఒక్క ముక్క చెప్పలేను. అంత సేపు దాన్ని తిట్టినవాణ్ని మొహం చూడకుండానే తిట్టానా? గురుద్వారా దగ్గర ఎక్కిన కుర్రాళ్లు నా మీద పడుతున్నారు, బొమ్మని కడుపుకి అదుముకుని అక్క నంబరు నొక్కాను.

"ఏటిరా, అప్పుడే సేరిపోనావా?"

"నేదక్కా, బస్సులో ఉన్నాను. ఆ బొమ్మ మెడ దగ్గర ఎర్రగా ఉంది, ఏటది?"

"లక్క. నాన్న పోసీసినారు కదా."

"లక్కేటి?"

"సీళ్లేసే లక్కరా, వ్యాగన్ల తాళాలకి ఏస్తారు కదా, అది. డ్యూటీ నుంచి ముక్క తెచ్చి కొవ్వొత్తి మీద కరిగించి పోసినారు, తల బయిటికి రాకుండా. నువ్వు దాని మొకం సూసి ఒకటే ఏడుపు, రెండ్రోజులు జొరం. గుర్తు నేదేటి నీకు?"

"నాకప్పుడు ఎనిమిదేళ్లు కదక్కా, ఎనిమిదేళ్లోణ్ని ఏడుస్తానేటి?"

"ఎనిమిదేటి నీ మొకం, నాలుగేళ్లు కూడా నిండనేదు. నాను ఐదో క్లాసు సదువుతన్నాను, నువ్వు నా గౌను వదిలీవోడివి కాదు."

"మరి వాన పడతంది కదా ఆ రోజు?"

"ఎండాకాలంరా బాబూ. పులుసు పొంగిపోతంది, ఉంటాను."

పెట్టేసింది. నాలుగేళ్లు. ఎండాకాలం. మరి ఆ వాన ఎక్కడిది, అంత స్పష్టంగా వరండా చూరు మీంచి కారిన వాన, ఆ దీపం. దీపం కొవ్వొత్తా? అది వెలుతురు కోసం వెలిగించింది కాదా? నాన్న కాళ్లు చాపుకుని కూర్చోవడం నిజమే, ఒళ్లో బొమ్మ నిజమే, ఆయన విప్పి చూపిస్తున్నాడనుకున్నాను, మూస్తున్నాడా? ఆ మాట, లోపల కూర్చున్నోడే తల అన్న మాట, అది క్రేన్ గురించి చెప్పింది కాదు, జ్వరంతో ఉన్న పిల్లాడికి చెప్పింది. భయపడకురా, తల లేదు దీనికి, లోపల నేనున్నాను. అంతలోనే కోపం వస్తోంది, పెద్దయ్యాక చెప్పొచ్చు కదా నాన్నా, పదో తరగతిలోనో, ఉద్యోగం వచ్చాకో, ఒరే దానికి తలుందిరా, ఊరికే అన్నాన్రా అని, నలభై ఏళ్లు నన్ను అలా వదిలేశావేం? మర్చిపోయాడేమో. ఆయనకది ఒక సాయంత్రం పని, పిల్లాడు ఏడుస్తున్నాడు, లక్క పోశాడు, పిల్లాడు ఊరుకున్నాడు, అన్నం తిని పడుకున్నాడు. దాన్ని పట్టుకుని నేనొక సిద్ధాంతం కట్టుకున్నాను, ఎదుటివాళ్ల బొమ్మలకి మార్కులు తీసేశాను, చిలకపచ్చ రోబో అని ధనశ్రీని ఏడిపించాను, కోటి పాదాలని ఎగతాళి చేశాను. మద్దిలపాలెం ఎప్పుడు దాటిందో తెలియలేదు.

పోనీ అక్కకే సరిగ్గా గుర్తు లేదేమో. ఆవిడ మా పెళ్లి తారీఖు కూడా తప్పు చెబుతుంది. నేనా మొహం చూసి భయపడ్డానన్నది నాకు ఏ మూలా లేదు, వెతుకుతున్నాను, కళ్లు మూసుకుని ఒక్కొక్క గదీ వెతుకుతున్నాను, పోర్టు క్వార్టర్సు, పెరట్లో ఆరేసిన బట్టల మీద ఎర్రధూళి, అమ్మ దులుపుతూ తిట్టడం, గుమ్మం పక్క నాన్న బూట్లు, అన్నీ ఉన్నాయి, భయం లేదు. నాన్న నన్ను ఒకసారి క్రేన్ ఎక్కించాడు, కింద సముద్రం ఆకుపచ్చగా కనపడింది, అది మాత్రం ఖాయం. ఖాయమేనా? పిల్లల్ని పైకి ఎక్కనిస్తారా పోర్టులో, ఓడల ఆఫీసులో ఇన్నేళ్లు పనిచేసి ఆ మాత్రం తెలియదా నాకు? అయితే అదీ లేదా? నేనే ఆ అగ్గిపుల్లనై ఆ గదిలో కూర్చుని చూసుకున్నానా? ఒకటి తీస్తే పక్కది ఊడి వస్తోంది, నాకు భయంగా ఉంది, ఇంక దేన్నీ ముట్టుకోను.

హనుమంతవాక దగ్గర దిగిపోయి వెనక్కి వెళ్లే బస్సెక్కుదామనిపించింది. తల ఉందని ఒప్పుకుంటే నాన్న చెప్పిన క్రేను పోతుంది. లేదని ఈ సగం లక్కతో బుకాయిస్తే, చూపించి చూపించకుండా సంచీలో వేసేస్తే, నాన్న ఉంటాడు, కోటి పోతాడు. నాన్న ఎటూ పోయినవాడే కదా అని ఒక మనసు అంది, ఆ మాటకి నన్ను నేనే చెంపమీద కొట్టుకోవాలనిపించింది. లేచి నిలబడ్డాను. పూలావిడ బుట్ట నెత్తికెత్తుకుని అక్కడే దిగుతూ "దిగుతావేటి బాబూ, బేగి దిగు" అంది. దిగలేదు. ఎందుకు దిగలేదంటే ఇప్పటికీ చెప్పలేను, వెనకనుంచి కుర్రాళ్లు తోసుకొచ్చారు, నా సీట్లో నేనే మళ్లీ పడ్డాను, బస్సు జూ దాటి ఎండాడ మెరక ఎక్కింది, కుడివైపు ఇళ్ల సందుల్లోంచి సముద్రం ఒకసారి కనపడి పోయింది. మధురవాడ కార్‌షెడ్ జంక్షన్‌లో దిగి నడిచాను.

ధనశ్రీ తలుపు తీసి "రండన్నయ్యా, మీకోసమే కూసున్నాం" అంది. ఏసీ వేసిన గది, నేలమీద చాప, టీపాయ్ మీద జంతికలూ, వాటి పక్కన కోటి కొత్త క్రేను, మనిషి రూపంలో, నిటారుగా. గురునాథరావుగారు కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నారు. కోటి చాప మీద గోడకానుకుని ఉన్నాడు, చిక్కినట్టున్నాడు, నావైపు చూడలేదు, నా చేతిలో సంచీ వైపు చూశాడు. సంజాయిషీలు, తర్వాతి బ్యాచ్‌లు అన్నీ పక్కన పెట్టాను. బొమ్మ తీసి వాడి చేతిలో పెట్టాను.

"ఇది లక్క కోటీ. మా నాన్న పోసినారట. దాని కింద తలుందట."

వాడు గెలిచాడు. ఇన్ని నెలలుగా ఎదురుచూసిన మాట అది, వాడు నవ్వినా, గ్రూపులో పెట్టినా, నేను పడాల్సిందే. వాడు నవ్వలేదు. బొమ్మని తిప్పి అలవాటుగా ముందు పాదాలు చూశాడు, వేలితో రాశాడు, తర్వాత మెడ దగ్గరికి తెచ్చుకుని వెలుతురులో పెట్టాడు. "తియ్యనా బావ?" అన్నాడు, చాలా రోజుల తర్వాత విన్న పిలుపు. తియ్యి అన్నాను. జేబులోంచి సన్నని స్క్రూడ్రైవరు తీసి, ఇంజన్‌లో మసి గీకినట్టు కాకుండా, చంటిపిల్లకి గోళ్లు తీసినట్టు తీశాడు, లక్క కొంచెం కొంచెంగా చాప మీద రాలింది. నేను ముందుకి వంగి చూస్తున్నాను, నాకేం భయం లేదు, నలభై ఆరేళ్లవాణ్ని, వందల బొమ్మలు చూసినవాణ్ని. లోపల స్ప్రింగుకి ఇన్నేళ్లయినా ప్రాణం ఉంది. పలక టక్కున లేచింది, మొహం బయటికొచ్చింది, వెండి మొహం, రెండు ఎర్ర కళ్లు, నోటి చోట అడ్డకమ్ములు.

"అయ్యో, ఎంత ముద్దుగా ఉందో" అంది ధనశ్రీ. బాగుందండీ అన్నారు గురునాథరావుగారు.

నా వీపు గోడకి ఆనింది. ఎప్పుడు లేచానో, ఎప్పుడు వెనక్కి జరిగానో తెలియదు, కళ్లు గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి, ఎవరో అంటున్నారు, చిన్న గొంతు, పిల్లాడి గొంతు, అది నా నోట్లోంచే వస్తోంది.

"మూసీయ్ నాన్నా. మూసీయ్."

అందరూ విన్నారు. కోటిని నాన్నా అన్నాను. తర్వాత పలక పడిన చప్పుడు, ఎవరో లేచి దగ్గరికి వచ్చిన చప్పుడు, చెవి పక్కనే డీజిల్ వాసనతో కోటి గొంతు, మెల్లగా.

"మూసీసినాను. ఇంక నేదు. కళ్లు తెరు."

ఆ మాట ఇంకోసారి వినాలనిపించి నేను వెంటనే తెరవలేదు.